ఓనర్ 95 అంటున్నారు, మేం ఎక్కడ మొదలుపెట్టాలి? (మియాపూర్, రీసేల్ 3 బెడ్‌రూమ్)

కొత్తకాపురం · 5 జులై 2025

అందరికీ నమస్తే. మియాపూర్‌లో ఒక రీసేల్ ఫ్లాట్ చూశాం. స్టిల్ట్ ప్లస్ 5, మాది నాలుగో అంతస్తు, 1,450 చదరపు అడుగులు, పడమర ఫేసింగ్, ఒక కారు పార్కింగ్, భూమి వాటా 42 గజాలు. 2012లో కట్టింది, మొత్తం 30 ఫ్లాట్లు. మెట్రోకి ఆటోలో పది నిమిషాలు. పిల్లల స్కూలు కూడా దగ్గర.

ఓనర్ 95 లక్షలు చెబుతున్నారు. "కొంచెం తగ్గుతుందా?" అంటే బ్రోకర్ "ఫోన్లో కాదమ్మా, సిట్టింగ్‌లో చూద్దాం" అంటున్నాడు. రిజిస్ట్రేషన్, రిపేర్లు అన్నీ కలిపి 98 దాటితే మా వల్ల కాదు.

మా ఆయన 80 దగ్గర మొదలుపెడదాం అంటారు. అంత తక్కువ అడిగితే ఓనర్ లేచి వెళ్లిపోతాడని మా అత్తయ్య భయం. చెప్పడం మర్చిపోయా, చూడటానికి వెళ్లినప్పుడు ఓనర్ ముందే ఆవిడ ఈశాన్యం మూలలో నిలబడి "ఇక్కడ దేవుడి గది సరిపోతుంది" అనేశారు. బ్రోకర్ ముఖం వెలిగిపోయింది.

ఇంకో టెన్షన్. రేపు వేరే పార్టీ టోకెన్ ఇస్తోందట. ఈ రాత్రికి లక్ష ఫోన్‌పే చేస్తే మాకే ఆపుతానంటున్నాడు. చేయమంటారా?

మియాపూర్_పాతకాపు · 5 జులై

చేయకండి.

ఆ రేపు వచ్చే పార్టీ ప్రతి ఫ్లాటుకీ ఉంటుంది. అసలు ఆషాఢం నడుస్తోంది, శ్రావణం 25న గానీ రాదు. మన జనంలో ఈ నెల కొత్త ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేవాళ్లు ఎందరు? ఓనర్‌కి ఫోన్లు రాని రోజులివి. బేరానికి ఇంతకన్నా మంచి టైమ్ ఉండదు. మాటలు ఇప్పుడు, కాగితం శ్రావణంలో.

కాగితాలు చూశారా? ఓనర్ ఎవరో తెలుసా, లేక బ్రోకర్ చూపించిన మనిషే ఓనరా?

సుబ్బు_గుంటూరు · 5 జులై

అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. 80 అడగండి మేడమ్, పోయేదేముంది. మా వైపు ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషిని మధ్యలో కూర్చోబెడతాం. వీళ్ల అంకె ఆయన చెవిలో, వాళ్ల అంకె ఆయన చెవిలో. ఆయన మధ్యలో ఎక్కడో ఒక చోట ముడివేస్తాడు. హైదరాబాదులో బ్రోకర్లే పెద్దమనుషులైపోయారు, వాళ్లకేమో రేటు పెరిగితే కమీషన్ పెరుగుతుంది.

లెక్కల_మాస్టారు · 6 జులై

సుబ్బు గారూ, అడగడం తప్పు కాదు గానీ 80 ఎందుకు అంటే ఏం చెబుతారు? "మా దగ్గర అంతే ఉంది" అంటే అది మీ సమస్య, ఆయనది కాదు. అంకెకి కారణం ఉంటే 80 అన్నా కూర్చుంటాడు. కారణం లేకపోతే 88 అన్నా కోపమే వస్తుంది.

కొత్తకాపురం గారూ, సిట్టింగ్‌కి ముందు ఈ పని చేయండి. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే మీ ఫ్లాటుదే కాదు, అదే బిల్డింగ్‌లో మిగతా ఫ్లాట్ల డీడ్‌లు కూడా వెతకొచ్చు. ప్రతి డీడ్ పక్కన రెండు అంకెలుంటాయి. ఒకటి ప్రభుత్వ మార్కెట్ వాల్యూ, రెండోది కన్సిడరేషన్, అంటే ఎంతకి కొన్నట్టు రాసుకున్నారో అది. గత ఏడాది, ఏడాదిన్నరలో ఆ బిల్డింగ్‌లో, పక్క బిల్డింగ్‌లో జరిగినవి రాసుకోండి. అందులో కొన్ని తక్కువ చూపించినవి ఉంటాయి, అన్నీ నమ్మొద్దు. బ్యాంకు లోన్‌తో కొన్నవాటి అంకె మాత్రం దాదాపు నిజానికి దగ్గరగా ఉంటుంది. లోన్ ఉందో లేదో అదే ఈసీలో మార్టగేజ్ (తనఖా) ఎంట్రీని బట్టి తెలుస్తుంది.

ఆన్‌లైన్ సైట్లలో ఉండే రేట్లు అడిగే రేట్లు, అమ్ముడుపోయిన రేట్లు కావు. వాటిని పట్టుకుని బేరానికి వెళితే ఓనర్ వాదన మీరే వినిపించినట్టు.

అద్దె కూడా కనుక్కోండి. ఆ బిల్డింగ్‌లో 3 బెడ్‌రూమ్ 24 వేలు పోతే ఏడాదికి 2.88 లక్షలు. 95 మీద అది 3 శాతమే. ఉండటానికి కొనేవాళ్లకి ఇదే అంతా కాదు, కానీ ఓనర్ "అద్దెకిచ్చినా గిట్టుబాటే" అన్నప్పుడు మీ దగ్గర జవాబు ఉండాలి.

ఇంకోటి. మీరు ఇక్కడ ముందే "98 దాటితే మా వల్ల కాదు" అని రాశారు. అది బ్రోకర్‌కి చెప్పలేదు కదా?

కొత్తకాపురం · 6 జులై

చెప్పలేదండి. మా ఆయన 90 లోపు అని మాత్రం అన్నారట.

మియాపూర్_పాతకాపు · 6 జులై

అయితే ఇప్పటికే ఓనర్ చెవిలో 90 పడింది. పర్లేదు. సిట్టింగ్‌లో "మేం 90 అన్నది రిజిస్ట్రేషన్‌తో కలిపి" అనండి. అలా అనేవాళ్లు చాలామందే ఉంటారు, ఎవరూ ఏమీ అనుకోరు.

సైట్_ఇంజనీర్ · 7 జులై

ఇంకోసారి చూడటానికి వెళ్లండి, వాన పడుతున్నప్పుడు వెళ్లండి. ఫోన్ టార్చ్ గోడకి ఎదురుగా కాకుండా పక్కవాటుగా, గోడ వెంబడి పడేలా పెట్టి చూడండి. ఉబ్బు, పొక్కు ఉంటే నీడ పడుతుంది. గదిలో ఒక్క గోడకే కొత్త పెయింట్ ఉంటే ఆ గోడ అవతల ఏముందో చూడండి. చాలాసార్లు బాత్రూమే ఉంటుంది.

పై అంతస్తు వాళ్ల బాత్రూమ్ లీకేజీ మీ సీలింగ్‌లో కనబడితే అది మీరొక్కరే బాగుచేయించుకోలేరు. పైవాళ్లు టైల్స్ తీయించాలి. అందుకని అమ్మకానికి ముందే పైవాళ్లతో మాట్లాడించే బాధ్యత ఓనర్ మీద పెట్టండి.

13 ఏళ్ల బిల్డింగ్ కాబట్టి లిఫ్ట్, జనరేటర్, బోరు, సంపు చూడండి. వాచ్‌మన్‌ని పక్కకి పిలిచి ఏప్రిల్, మేలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో అడగండి. ఓనర్ చెప్పేది ఒకటి, వాచ్‌మన్ చెప్పేది ఇంకోటి ఉంటుంది. అసోసియేషన్ ట్రెజరర్ దగ్గర కార్పస్ ఫండ్ (పెద్ద రిపేర్ల కోసం దాచిన ఉమ్మడి నిధి) ఎంతుందో కూడా అడగండి. అది ఖాళీ అయితే వచ్చే ఏడాది లిఫ్ట్ మార్చడానికి ఫ్లాటుకింత అని మీ దగ్గరే వసూలు చేస్తారు.

కొత్తకాపురం · 12 జులై

మీరందరూ చెప్పినవి చేశాం. చాలా థ్యాంక్స్.

మాస్టర్ బెడ్‌రూమ్‌లో ఒక గోడకి మాత్రం కొత్త పెయింట్. వెనక కామన్ బాత్రూమ్. టార్చ్ పెడితే అడుగు నుంచి మోకాలి ఎత్తు వరకు పెయింట్ పొరలు పొరలుగా లేచి కనబడ్డాయి. మా ఆయన వేలితో నొక్కితే సున్నం రాలింది. ఓనర్ "అది ఎప్పుడో పాతదండీ" అన్నారు. వాచ్‌మన్ మేలో రోజుకి రెండు ట్యాంకర్లు వచ్చాయన్నాడు.

ఈసీలో అదే బిల్డింగ్‌లో లోన్‌తో కొన్న ఫ్లాట్ ఒకటి దొరికింది. అది రెండో అంతస్తు, తూర్పు ఫేసింగ్, మా సైజే. నిరుడు 86 లక్షలకి. ఇక మాది పడమర.

నిన్న సిట్టింగ్ అయింది. ఆ డీడ్, గోడ ఫోటో ముందు పెట్టి 84 అన్నాం. ఓనర్ లేవలేదు! కాఫీ తెప్పించారు. చివరికి 92 దాకా వచ్చి అక్కడ ఆగిపోయారు.

కానీ అసలు సంగతి తర్వాత బయటపడింది. ఆ 92లో 60కే రిజిస్ట్రేషన్ చేయిస్తారట, మిగతా 32 క్యాష్ కావాలట. "అలా అయితే ఇంకో లక్ష తగ్గిస్తా, మీకూ స్టాంప్ డ్యూటీ మిగులుతుంది" అన్నారు. ఇది మామూలేనా?

బ్యాంకు_బాబాయ్ · 12 జులై

ముందు లెక్క చూడండి. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) కింద ఇంకో 0.1. 32 లక్షలు చూపించకపోతే మీకు మిగిలేది 2.4 లక్షలు.

దానికి మీరు చెల్లించే ధర ఏంటంటే, బ్యాంకు మీ అగ్రిమెంట్ విలువ, తన వాల్యుయేషన్ ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాని మీదే లోన్ ఇస్తుంది. లోన్ 30 నుంచి 75 లక్షల మధ్య ఉంటే ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 80 శాతం వరకు. 60 లక్షల కాగితం మీద వచ్చేది 48. అంటే 12 మీరు పెట్టాలి, పైన 32 క్యాష్, పైన రిజిస్ట్రేషన్. అంత డబ్బు చేతిలో ఉంటే మీరిక్కడ అడిగేవాళ్లు కాదు కదా.

ఫిబ్రవరి నుంచి ఇప్పటికి ఆర్‌బీఐ రెపో రేటు (బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ) మొత్తం 1 శాతం తగ్గించింది, జూన్‌లోనే అర శాతం. లోన్ చౌకగా దొరికే టైమ్‌లో లోన్ తగ్గించుకుని చేతి డబ్బు పోయడం ఏం లాభం?

ఓనర్‌తో ఏదీ ఖాయం చేసుకోకముందే బ్యాంకులో శాంక్షన్ లెటర్ (లోన్ మంజూరు పత్రం) తీసుకోండి. అది బల్ల మీద పెడితే మీరు ఊరికే చూసి పోయే పార్టీ కాదని ఓనర్‌కి అర్థమవుతుంది.

చిట్టిబాబు_77 · 13 జులై

అందరూ చేసేదేనండీ ఇది. మరీ చట్టం పుస్తకం పట్టుకుంటే ఈ ఊళ్లో ఇల్లు కొనలేరు. నేను కొన్నా, మా బావమరిది కొన్నాడు, ఏమీ కాలేదు.

నల్లకోటు · 13 జులై

చిట్టిబాబు గారూ, ఏమీ కాలేదు నిజమే, మీరు అమ్మేదాకా ఏమీ కాదు. రేపు కొత్తకాపురం గారు ఈ ఫ్లాట్ అమ్మితే ఆమె కొన్న ధర 60 అనే లెక్క. ఆ దాచిన 32 లక్షలు ఆమె లాభంగా వచ్చి కూర్చుంటాయి, దాని మీద 12.5 శాతం చొప్పున 4 లక్షల టాక్స్ ఆమే కట్టాలి. ఇవాళ మిగిలిన 2.4కి ఇది వడ్డీతో సహా.

ఇక ఓనర్ సంగతి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి క్యాష్‌గా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం 269ఎస్‌ఎస్ ప్రకారం నిషేధం. దొరికితే తీసుకున్నంత మొత్తం జరిమానా. 32 తీసుకుంటే 32. సిట్టింగ్‌లో ఈ మాట ఓనర్‌తో మెల్లగా అనండి, బ్రోకర్ లేనప్పుడు.

లెక్కల_మాస్టారు · 13 జులై

నేను ఇంకో వైపు నుంచి చెబుతా. ఓనర్ క్యాష్ అడుగుతున్నది దురాశతో కాకపోవచ్చు, క్యాపిటల్ గెయిన్స్ (అమ్మితే వచ్చే లాభం మీద పన్ను) అంటే భయంతో. ఆ భయం తీరిస్తే ఆయనే దిగుతాడు. ఆయన ఎంతకి కొన్నాడో లింక్ డాక్యుమెంట్‌లో (ఆయన కొన్నప్పటి డీడ్‌లో) ఉంటుంది, చూశారా?

కొత్తకాపురం · 13 జులై

చూశాం. 2012 డిసెంబర్‌లో బిల్డర్ దగ్గర 36 లక్షలకి.

లెక్కల_మాస్టారు · 13 జులై

అయితే చూడండి. 89కి అమ్మాడనుకుందాం. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లు కాబట్టి దేశంలో ఉండే వ్యక్తికి రెండు దారులున్నాయి. ఇండెక్సేషన్ (కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్‌తో 20 శాతం. మొదటి దారిలో లాభం 53 లక్షలు, పన్ను 6.6. రెండో దారిలో 36ని ప్రభుత్వ సూచీ అంకెలు (ఈ ఏడాదిది, కొన్న ఏడాదిది) 376 బై 200తో హెచ్చిస్తే 67.68 అవుతుంది. లాభం 21.3, పన్ను 4.26 లక్షలు, పైన సెస్సు. ఆయన బహుశా మనసులో పది, పదిహేను లక్షలు పోతాయని అనుకుంటున్నాడు.

పైగా ఆయన ఇంకో ఇల్లు కొంటే ఆ లాభానికి సెక్షన్ 54 మినహాయింపు ఉంది. కొనకపోతే అమ్మిన 6 నెలల్లోపు 54ఈసీ బాండ్లలో పెట్టుకోవచ్చు, 50 లక్షల వరకు. అంటే ఆ 21 లక్షల లాభం బాండ్లలో పెడితే పన్ను సున్నా. 5 ఏళ్లు కదలకూడదు, అంతే.

సీఏ ఫీజు మీరే ఇచ్చి ఆయన్ని ఒక గంట కూర్చోబెట్టండి. 8 లక్షల బేరంలో అది లెక్కలోకి రాదు.

సుబ్బు_గుంటూరు · 13 జులై

మాస్టారూ, అమ్మేవాడికి మనం సీఏ ఫీజు కట్టడమా! కలికాలం.

(మా వైపు కూడా మొత్తం 7.5 శాతమే లెండి. స్టాంప్ 5, ట్రాన్స్‌ఫర్ 1.5, రిజిస్ట్రేషన్ 1. విడివిడిగా వేరు, కలిపితే ఒకటే.)

కొత్తకాపురం · 17 జులై

మాస్టారూ, మీరు చెప్పినట్టే సీఏ దగ్గర కూర్చోబెట్టాం. ఓనర్ క్యాష్ మాట వదిలేశారు! మొత్తం వైట్, 90 అన్నారు.

కానీ సీఏ లింక్ డాక్యుమెంట్ చదువుతూ "ఇందులో ఇద్దరి పేర్లున్నాయేంటి?" అన్నారు. 2012 డీడ్‌లో ఓనర్, ఆయన తమ్ముడు ఇద్దరూ కొనుగోలుదారులు, సగం సగం. తమ్ముడు డాలస్‌లో ఉంటారట. మేం డీడ్‌లో ధర చూశాం గానీ రెండో పేరు మీద దృష్టి పెట్టలేదు. బ్రోకర్‌ని అడిగితే "వాడు సంతకం పెడతాడు, వాళ్లన్న మాట దాటడు" అంటున్నాడు. ఇప్పుడు ఏం మారుతుంది?

నల్లకోటు · 17 జులై

చాలా మారుతుంది. ఓపిగ్గా చదవండి, కొంచెం పొడుగు.

మొదటిది, సంతకం. తమ్ముడు రాకపోతే జీపీఏ (ఆయన తరఫున ఇక్కడ సంతకం పెట్టే అధికార పత్రం) కావాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించో, నోటరీ చేయించి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) వేయించో పంపాలి. ఇక్కడికి వచ్చిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంప్ డ్యూటీ కట్టి వాలిడేట్ చేయించాలి. వాట్సాప్‌లో వచ్చిన స్కాన్ చూసి అడ్వాన్స్ ఇవ్వొద్దు. తమ్ముడితో మీరే వీడియో కాల్‌లో మాట్లాడండి. అమ్మడం ఆయనకి ఇష్టమేనా, ఏ రేటుకి అని ఆయన నోటితోనే వినండి.

రెండోది, టీడీఎస్, అంటే మీరిచ్చే డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అన్న వాటాకి మామూలు సెక్షన్ 194ఐఏ, 1 శాతం. మొత్తం ధర 50 లక్షలు దాటింది కాబట్టి వర్తిస్తుంది. ఒక్కొక్కరి వాటా 50 లోపే కదా అంటే 2024 అక్టోబర్ నుంచి ఆ వాదన చెల్లదు. 89 అనుకుంటే ఆయన వాటా 44.5, టీడీఎస్ 44,500. ఫారం 26క్యూబీలో కడతారు.

తమ్ముడు ఎన్నారై. ఆయనకి సెక్షన్ 195. 50 లక్షల పరిమితి లేదు, లాభం మీద కాదు, ఆయనకిచ్చే మొత్తం మీద కోయాలి. 12.5 శాతం మీద 4 శాతం సెస్సు, వెరసి 13. 44.5 లక్షల మీద 5.78 లక్షలు. మీరు టాన్ నంబర్ (పన్ను కోసేవాళ్లకిచ్చే నంబర్) తీసుకోవాలి, కోసింది మరుసటి నెల 7లోపు కట్టాలి, 27క్యూ రిటర్న్ వేయాలి. మీరు 1 శాతమే కోసి ఊరుకుంటే మిగతాది డిపార్ట్‌మెంట్ అడిగేది ఆయన్ని కాదు, మిమ్మల్ని.

ఆయన అసలు పన్ను ఎంత? ఎన్నారైకి ఇండెక్సేషన్ దారి లేదు. లాభం 44.5లో 18 తీసేస్తే 26.5, దాని మీద సెస్సుతో 3.45 లక్షలు. అంటే 2.3 లక్షలకు పైగా ఎక్కువ కోత. రిటర్న్ వేసి రీఫండ్ తెచ్చుకోవాలి, లేదా ముందే సెక్షన్ 197 కింద తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కి అప్లై చేయాలి. దానికి వారాలు పడుతుంది. ఆ సర్టిఫికెట్ దాని తర్వాత ఇచ్చే డబ్బుకే పనికొస్తుంది, ముందిచ్చిన దానికి కాదు.

ఇప్పుడు బేరం సంగతి. తమ్ముడికి కావలసింది ఇంకో లక్ష కాదు, ఆ సర్టిఫికెట్ వచ్చేదాకా మీరు ఆగడం. మీకు తొందర లేకపోతే దాన్ని ఊరికే ఇవ్వకండి.

డాలస్_తెలుగోడు · 18 జులై

నల్లకోటు గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు. ఇక్కడ కూర్చుని మాకు ఇండియాలో ఇల్లు అమ్మడమంటే పీడకల. టెక్సాస్ వాళ్లకి హ్యూస్టన్ కాన్సులేట్. తమ్ముడు గారు డిసెంబర్ సెలవులకి వస్తున్నారేమో అడగండి, వస్తే జీపీఏ గొడవే ఉండదు. కానీ మీరు అంతదాకా ఆగాలి.

ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు నాకు బాగా నచ్చింది ఆప్షన్ పీరియడ్. ఆఫర్ ఒప్పుకున్నాక కొద్ది డబ్బు కట్టి కొన్ని రోజులు తీసుకుంటాం. ఇన్‌స్పెక్టర్‌ని పెట్టి అంతా చూపించుకుని, నచ్చకపోతే ఏ కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. ఎర్నెస్ట్ మనీ (మన అడ్వాన్స్ లాంటిది) వెనక్కి వస్తుంది. అగ్రిమెంట్‌లో మీరూ అలాంటిది రాయించుకోవచ్చు కదా?

నల్లకోటు · 18 జులై

రాయించుకోవచ్చు. మన దగ్గర అచ్చు ఫారం లేదు గనక రాసుకున్నదే ఫారం. అగ్రిమెంట్‌లో నేనైతే ఇవి పెట్టిస్తాను. లీగల్ ఒపీనియన్‌లో టైటిల్ లోపం తేలినా, బ్యాంకు టైటిల్ కారణంగా లోన్ కాదన్నా అడ్వాన్స్ ఇన్ని రోజుల్లో పూర్తిగా వాపసు. ఓనర్ వెనక్కి తగ్గితే ఎంత, మీరు తగ్గితే ఎంత, రెండు వైపులా రాయాలి. చాలా అగ్రిమెంట్లలో కొనేవాడు తగ్గితే అడ్వాన్స్ పోతుందని మాత్రమే ఉంటుంది. ఆస్తి పన్ను, కరెంటు, మెయింటెనెన్స్ బకాయిలు రిజిస్ట్రేషన్ రోజు వరకు అమ్మేవాళ్లవి. అసోసియేషన్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తెచ్చే బాధ్యత వాళ్లది. ఇద్దరు ఓనర్లూ పార్టీలుగా ఉండాలి, అన్నొక్కడే సంతకం పెడితే సగం ఫ్లాటుకే అగ్రిమెంట్.

వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద నోటరీ చేయించి రిజిస్టర్ అయిందనుకోకండి. రెండూ వేరు.

ఒరిజినల్ డీడ్ కళ్లారా చూశారా? జిరాక్స్ మాత్రమే చూపిస్తే ఒరిజినల్ ఎక్కడో బ్యాంకులో ఉండి ఉండొచ్చు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అనుమతి), శాంక్షన్ ప్లాన్ అడగండి. పర్మిషన్ ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీకి బిల్డర్ 10 శాతం నిర్మాణం తనఖా పెడతాడు. మీ ఫ్లాట్ అందులో లేదని, లేదా తనఖా విడిపించారని కాగితం ఉండాలి.

మియాపూర్_పాతకాపు · 18 జులై

హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక ఇంకోటి కూడా చూసుకోవాలి. ఆ చుట్టుపక్కల చెరువులున్నాయి. సర్వే నంబర్ ఎఫ్‌టీఎల్‌లో (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దులో) గానీ దాని చుట్టూ ఉండే బఫర్‌లో గానీ పడుతోందేమో హెచ్‌ఎండీఏ లేక్స్ సైట్‌లో మ్యాప్ చూడండి. 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులు) కూడా. ఇవి బేరానికి సంబంధించినవి కావు. తేడా ఉంటే ఎంత తగ్గించినా కొనొద్దు.

కొత్తకాపురం · 26 జులై

ఆలస్యానికి క్షమించండి, ఇంట్లో హడావుడి.

తమ్ముడు గారితో వీడియో కాల్ మాట్లాడాం. ఆయన మొదట 92 లోపు ఒప్పుకోను అన్నారు. 13 శాతం కోత సంగతి ఆయనకి అస్సలు తెలియదు! మేం టాన్ తీసుకుంటాం, సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగుతాం, అప్పటివరకు రేటు మార్చం అన్నాం. కాసేపు అన్నదమ్ములు ఇద్దరే మాట్లాడుకున్నారు. తర్వాత అన్న ఫోన్ చేసి 89 అన్నారు. మేం 88 అంటే, గోడ వాటర్‌ప్రూఫింగ్ తన ఖర్చుతో చేయిస్తానని, వార్డ్‌రోబ్‌లు, గీజర్లు వదిలేస్తానని 89 దగ్గరే ఉండమన్నారు. ఉన్నాం.

నిన్న శ్రావణ శుక్రవారం, మా అత్తయ్య చెప్పిన టైమ్‌కే అగ్రిమెంట్ అయింది. తమ్ముడి సంతకం ఉన్న కాగితం ముందే కొరియర్‌లో తెప్పించారు. అడ్వాన్స్ 5 లక్షలు చెక్కు, పూర్తిగా అన్న వాటా కింద అన్న అకౌంట్‌కే. మేం 1 శాతం కోసి ఇచ్చాం. తమ్ముడి వాటా మొత్తం రిజిస్ట్రేషన్ అప్పుడు ఆయన ఎన్‌ఆర్‌ఓ అకౌంట్‌కి (ఎన్నారైలకి ఇక్కడ ఉండే బ్యాంకు ఖాతా). గడువు 75 రోజులు, సర్టిఫికెట్ రాకపోతే ఇంకో 45.

బ్యాంకు వాల్యుయేషన్ 84 వచ్చింది. బాబాయ్ గారూ, మీరన్నట్టే తక్కువదాని మీద 80 శాతం, 67.2 ఇస్తారట. మా చేతి నుంచి 21.8, రిజిస్ట్రేషన్ 6.7, బ్రోకర్‌కి 1 శాతం. 98కి కొంచెం ఇవతలే ఆగింది, ఇక పెయింట్ సంగతి చూడాలి.

బ్యాంకు_బాబాయ్ · 26 జులై

శుభం. ఆ 84 వాల్యుయేషన్ రిపోర్ట్ బేరానికి ముందే చేతిలో ఉంటే ఇంకో లక్ష తగ్గేదేమో. సరే, అయిపోయింది. చాలా బ్యాంకులు అగ్రిమెంట్ చూపిస్తేనే వాల్యూయర్‌ని పంపుతాయి, అదొక తలనొప్పి.

చిట్టిబాబు_77 · 26 జులై

95 నుంచి 89, అది కూడా మొత్తం వైట్‌లో. ఒప్పుకోవాల్సిందే.

నల్లకోటు · 27 జులై

అన్న పాన్, ఆధార్ లింక్ అయ్యాయో లేదో చూశారా? లింక్ కాకపోతే ఆ పాన్ పనిచేయనట్టే లెక్క, 1 శాతం కాదు, 20 శాతం కోయాలి. ఆ కారణంతో కొన్నవాళ్లకి నోటీసులు వచ్చాయి. ఐటీ పోర్టల్‌లో లింక్ స్టేటస్ చూడటం ఒక నిమిషం పని. 26క్యూబీకి మీకు ఆగస్టు 30 వరకు టైమ్ ఉంది, చివరి రోజు దాకా ఆగకండి.

కొత్తకాపురం · 27 జులై

ఇప్పుడే చూశానండి, లింక్ అయ్యే ఉంది. హమ్మయ్య.

రిజిస్ట్రేషన్ దసరా రోజు పెట్టుకుందామని మా అత్తయ్య అంటున్నారు. మహాలయ పక్షాలు అయిపోతాయి, మంచి రోజు అని.

మియాపూర్_పాతకాపు · 27 జులై

ఈసారి దసరా అక్టోబర్ 2న పడింది. గాంధీ జయంతి కూడా అదే రోజు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తాళం తీయరు. మరుసటి రోజు ఏకాదశి, ఆవిడకి అది చెప్పి చూడండి. స్లాట్ మాత్రం ముందే బుక్ చేసుకోండి, పండగ చుట్టూ ఖాళీలు ఉండవు.